పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం), అత్యాచారం కేసులో ఇంటి మనిషిని అరెస్టు చేస్తే లాయర్ని పెట్టుకోవడం ఎలా

పలాస వైపైనా, రాజాం వైపైనా ఇలాంటి కేసులో ఒకణ్ణి పోలీసులు తీసుకెళ్లారంటే ఇంట్లోవాళ్లు ముందు పరుగెత్తేది పెద్దమనుషుల దగ్గరికో, తెలిసిన నాయకుడి దగ్గరికో. వద్దండి. ముందు లాయర్ని చూడండి.

అరెస్టు చేశాక, ప్రయాణానికి పట్టే టైం కాకుండా, 24 గంటల్లోపు కోర్టులో హాజరుపరచాలి. ఆలోగా లాయరు స్టేషన్‌కి వెళ్లి కలవచ్చు, విచారణ మొత్తం పక్కన కూర్చోనివ్వకపోయినా మధ్యలో మాట్లాడే హక్కు నిందితుడికి ఉంది. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో అతని మీద సాక్ష్యంగా చెల్లదు. ఈ సంగతి లోపలున్నవాడికి ఎవరో ఒకరు చెప్పాలి కదా, టెన్షన్‌లో ఏం మాట్లాడతాడో ఏమో. ఈ కేసుల ఎఫ్ఐఆర్ ఆన్‌లైన్‌లో పెట్టరు కాబట్టి కాపీ కోసం లాయరు ద్వారా అప్లికేషన్ పెట్టుకోవాలి.

డబ్బు లేదా? జైల్లో ఉన్న ఎవరికైనా, కేసు ఎంత ఘోరమైనదైనా, ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి అర్జీ ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. శ్రీకాకుళం దగ్గరి అంపోలు జిల్లా జైల్లో ఉంటే అక్కడి అధికారుల ద్వారా కూడా అర్జీ పంపొచ్చు. రిమాండ్‌కి తెచ్చినప్పుడు జడ్జి గారికి "నాకు లాయరు లేరండి" అని చెప్పినా చాలు. అలా వచ్చిన లాయరుకి మీరు పైసా ఇవ్వక్కర్లేదు, అడిగితే ఆ సంస్థకే ఫిర్యాదు చేయండి.

"ఇలాంటివాడి తరఫున ఎవరూ నిలబడం" అని బార్ అసోసియేషన్ తీర్మానం చేసినా అది చెల్లదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. నా మట్టుకు నాకు ఇది చాలా ముఖ్యం. లాయరు లేకుండా శిక్ష పడితే అది పై కోర్టులో నిలవదు, అప్పుడు నష్టపోయేది ఆ పిల్ల కూడా.

లాయరుకి మొత్తం నిజం చెప్పండి. ఫోన్ మెసేజీలు చెరిపేయకండి. అమ్మాయి వయసు 18 లోపైతే ఇష్టపడే వెళ్లిందన్న వాదన చట్టం ముందు పనిచేయదు, అందుకే స్కూలు సర్టిఫికెట్‌లోని పుట్టిన తేదీ మీదే సగం కేసు నడుస్తుంది. అబ్బాయికే 18 నిండకపోతే ఆ రోజే చెప్పండి, కేసు బాలల న్యాయ మండలికి వెళ్లాలి.

ఒక్కటి మాత్రం అస్సలు చేయొద్దు. అమ్మాయి ఇంటికి వెళ్లి రాజీ అనో, డబ్బు అనో, పెళ్లి చేస్తామనో అనకండి. ఆ పిల్లని భయపెట్టినట్టవుతుంది, పైగా బెయిలూ పోతుంది. ఆమె పేరు, ఫోటో వాట్సాప్‌లో పెట్టడం విడిగా ఇంకో నేరం. ఆమె నడవడిక మీద ప్రశ్నలేసి గెలిపిస్తానన్న లాయరు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి, పోక్సో కోర్టులో అలాంటి ప్రశ్నల్ని జడ్జి ఆపేయాల్సిందే.

రిమాండ్ తేదీ రాసిపెట్టుకోండి. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరమైతే 90 రోజుల్లో, మిగతావాటికి 60 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కానీ ఛార్జిషీటు పడకముందే పిటిషన్ వేసి ఉండాలి, గడువు దగ్గరికి రాగానే లాయరుకి మీరే ఫోన్ చేసి గుర్తుచేయండి.