చేతులు ఎత్తించకండి, చీటీలు రాయించండి

చిత్తూరులో మా పొదుపు సంఘం లెక్కలు నేనే రాస్తాను. మామిడి తాండ్ర వ్యాపారం పెడదామా అంటే పదిమందీ చేతులెత్తారు. తోతాపురి కాయల గుజ్జు తీసే రోజుకు వచ్చింది ముగ్గురే!

అప్పటినుంచి చర్చకు ముందే కావాలో వద్దో రాయమని తలా ఒక చీటీ ఇస్తున్నాను. పేరు రాయకూడదు. పెన్నులన్నీ ఒకే రంగువి కావాలి. సిరా చూసి ఎవరిదో కనిపెట్టేస్తారు మావాళ్లు. చీటీలు స్టీలు గిన్నెలో కలిపి ఒక్కరే చదవాలి. అధ్యక్షురాలు చివర్లో మాట్లాడాలి (ఆవిడకు ఇది నచ్చలేదు).

మనస్తత్వ శాస్త్రవేత్త సోలమన్ ఆష్ 1951 నాటి ప్రయోగంలో గీతల పొడవు పోల్చమన్నారు. ఆయన ముందే కుదుర్చుకున్నవాళ్లు కావాలని తప్పు చెబితే, కళ్లెదుట నిజం కనిపిస్తున్నా చాలామంది కనీసం ఒకసారి వంతపాడారు. తోడుగా ఒక్కరు నిజం చెప్పినప్పుడు ఆ లొంగుబాటు బాగా తగ్గింది. అందుకే ‘వద్దు’ అన్న చీటీ ఒక్కటే ఉన్నా ముందు దాన్నే చదవండి. ఎవరు రాశారని మాత్రం అడగకండి.