ఆవకి ఒక జాగ్రత్త, గెడ్డకి ఒక జాగ్రత్త: వానలకు ముందు చూసుకోవలసినవి

విశాఖ చుట్టుపక్కల నీళ్లన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. కొండకర్ల ఆవ దానంతట అది ఏర్పడిన మంచినీటి సరస్సు, కొల్లేరు వరసలోది. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, గంభీరం, రైవాడ ఆనకట్ట వేసి ఆపిన నీళ్లు. ఇవి కాక ఊరూరా మట్టిగట్టు చెరువులు. మనిషిని ముంచే తీరు మాత్రం మూడింటిదీ మూడు రకాలు.

ఎక్కువ భయపడాల్సింది ఊరి చెరువుకే. ఎండాకాలంలో ఇళ్ల పునాదులకీ లేఅవుట్లకీ ప్రొక్లెయిన్ పెట్టి మట్టి తవ్వుకుపోతారు. గోతి అంచులు గోడలా నిటారుగా ఉంటాయి. నాలుగు వానలు పడేసరికి పైన నీళ్లు సమంగా పరుచుకుంటాయి. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లాడు ఇంకో అడుగు వేస్తే రెండు నిలువుల లోతు. పట్టుకుందామంటే తడి మట్టి చేతికి ఊడివస్తుంది. అందుకే దీని జాగ్రత్త మే నెలలోనే, నీళ్లు లేనప్పుడే. చెరువు లోపల ఒకసారి నడిచి చూసి, ప్రతి గోతి అంచున వెదురు కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాలి. చెరువు నిండితే నీళ్లు అలుగు (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు) మట్టం దాకా వస్తాయి కాబట్టి కర్ర అంతకంటే రెండడుగులు ఎత్తుండాలి. లేకపోతే సరిగ్గా అవసరమైన రోజునే అది మునిగిపోతుంది. ప్రొక్లెయిన్ ఇంకా అక్కడే ఉంటే గోతికి ఒక వైపైనా వాలు చేయించండి. పదడుగుల లోతుకి ముప్పై అడుగుల వాలు ఉంటే పడ్డవాడు పాకుతూ పైకి రాగలడు.

ఆవలో లోతు కంటే బురద, తామర తూళ్లు, నాచు ప్రమాదం. కాళ్లు కొట్టుకునేకొద్దీ తీగలు బిగుసుకుంటాయి. వెల్లకిలా పడుకుని, కాళ్లు ఆడించకుండా, చేతులతో మెల్లగా నీళ్లు తోసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రావాలి. తాటి దోనె అంచు నీటికి కాస్తే పైన ఉంటుంది. అడుగున కూర్చోవాలి, సెల్ఫీకని లేవకూడదు. లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టాలి, భుజాన వేసుకుంటే లాభం లేదు. ఉరుము వినబడితే వెంటనే ఒడ్డుకి, తాటిచెట్ల కిందికి మాత్రం వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి మళ్లీ ఎక్కొచ్చు.

రిజర్వాయరు దగ్గర ప్రమాదం గేట్ల కింద. మీరు నిలబడ్డచోట చినుకు లేకపోయినా పైన కొండల్లో వాన పడితే చాలు, గేట్లు ఎత్తుతారు. గెడ్డలో, అంటే కొండవాగులో, నీళ్లు ఎర్రబడినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సామాన్లు వదిలేసి పక్కకి, ఎత్తుకి ఎక్కాలి. గెడ్డ వెంబడి కిందికి పరిగెడితే నీళ్లే ముందుంటాయి. గేటు కింద నురగలో ఎంత ఈతగాడైనా తేలలేడు. గాలి కలిసిన నీళ్లు మోయవు, సుడి మళ్లీ గోడ దగ్గరికే లాగుతుంది.

మేఘాద్రిగెడ్డ నిండు మట్టం 61 అడుగులు. వదిలిన నీళ్లు విమానాశ్రయం పక్కగా హార్బర్ వైపు వెళ్తాయి. సముద్రం పోటు మీదుంటే ఆ నీళ్లు దిగవు, వెనక్కి తంతాయి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు పల్లపు కాలనీలవాళ్లు గేట్ల వార్తతో పాటు పోటు వేళలు కూడా చూసుకోవాలి. కాజ్‌వే (గెడ్డ దాటే పల్లపు రోడ్డు) మీద అడుగు లోతు ప్రవాహం చిన్న కారుని తేల్చేస్తుంది. బండి వెనక్కి తిప్పడమే.

ఎవరైనా మునుగుతుంటే దూకొద్దు, ఇద్దరు పోయే సందర్భాలు ఇలాగే వస్తాయి. మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యానుకి పదిహేను మీటర్ల తాడు కట్టి బండిలో ఉంచుకుంటే అదే విసరొచ్చు. తాడు లేకపోతే చీరలు ముడేయండి.

పైకి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం వద్దు. కడుపులో నీళ్లు గొంతులోకొచ్చి ఊపిరికి అడ్డుపడతాయి. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే, ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోట్లోకి ఐదుసార్లు గాలి ఊదాలి. ఆపైన రొమ్ము మధ్య 30 నొక్కులకి 2 ఊదులు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో, అంబులెన్స్ వచ్చేదాకా. తేరుకుని కూర్చుని మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు వెళ్లివుంటే కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలవుతుంది.