బెట్టింగ్ ఆడ్స్ అంకెలను చదవడం ఎలా?

పందెపు ఆడ్స్, అంటే ఒక్కో ఫలితానికి పందేల నిర్వాహకుడు ఇచ్చే అంకెలు, మూడు రూపాల్లో కనిపించినా అవి తెలిపేవి రెండే విషయాలు: గెలిస్తే ఎంత వస్తుంది, ఆ గెలుపునకు ఎంత అవకాశం ఉందని లెక్కగట్టారు.

ఐరోపాలో ఎక్కువగా వాడే దశాంశ పద్ధతితో మొదలుపెట్టడం మేలు. 2.50 అని ఉంటే, కాసిన మొత్తాన్ని దానితో గుణించాలి. 100 కాస్తే 250 చేతికి వస్తుంది, అయితే అందులో 100 మనం కాసిన సొమ్మే కనుక అసలు లాభం 150 మాత్రమే. బ్రిటన్‌లో వాడుకలో ఉన్న భిన్న పద్ధతి లాభాన్ని మాత్రమే చూపుతుంది కాబట్టి ఇదే 2.50 అక్కడ 3/2గా కనిపిస్తుంది. అమెరికా పద్ధతిలో +150 అంటే 100కు 150 లాభమని, -200 అంటే 100 లాభం రావాలంటే 200 కాయాలని అర్థం.

అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసింది ఈ అంకెల వెనుకనున్న సంభావ్యతను. 1ని దశాంశ ఆడ్స్‌తో భాగించి 100తో గుణిస్తే అది శాతంలో తెలుస్తుంది, 2.50కి 40 శాతం. ఒక టెన్నిస్ మ్యాచ్‌లో ఇరువురికీ 1.91 ఇచ్చారనుకుందాం. ఒక్కొక్కరికి 52.36 శాతం చొప్పున మొత్తం సుమారు 104.7 అవుతుంది. ఇద్దరిలో ఒకరే గెలుస్తారు గనుక నిజమైన సంభావ్యతల మొత్తం 100కు మించదు, పైనున్న 4.7 నిర్వాహకుడు తన కోసం కలుపుకున్న మార్జిన్. చాలామంది పట్టించుకోని ఈ తేడాయే కాలక్రమంలో పందెం కాసేవారి సొమ్మును హరిస్తుంది. డ్రాకు వీలున్న ఫుట్‌బాల్‌లో మూడు ఫలితాలనూ కలిపి ఇదే లెక్క వేయాలి.

ఆడ్స్ మ్యాచ్‌కు ముందు మారుతూ ఉంటాయి. 2.50 కాస్తా 2.20కి తగ్గితే, ఆ జట్టుకు అవకాశం పెరిగిందని నిర్వాహకుడు భావించాడనో, ఆ వైపు సొమ్ము ఎక్కువగా చేరిందనో గ్రహించాలి.