గుద్దుకున్న పాత లారీ: బాగు చేయించాలా, వదిలించుకోవాలా?

లారీ గుద్దుకోగానే ఓనరు కళ్లు క్యాబిన్ మీదికే పోతాయి. అద్దం పగిలి, డాష్‌బోర్డు లోపలికొచ్చి, డోరు వేలాడుతుంటే గుండె జారిపోతుంది. అక్కడే తప్పు నిర్ణయం మొదలవుతుంది. క్యాబిన్ చూసి భయపడి మంచి బండిని తుక్కు కింద ఇచ్చేస్తారు. లేదంటే క్యాబిన్ బాగానే ఉంది కదా అని ఛాసిస్ (బండి బరువు మోసే కింది ఉక్కు చట్రం) పోయిన బండికి లక్షలు పోస్తారు. పదేళ్లు దాటిన బండిని ఉంచాలో వదలాలో చెప్పేది ఛాసిస్. మిగతా ప్రతి వస్తువూ ఆటోనగర్‌లో దొరుకుతుంది.

ఇక్కడ చెప్పేది పది టైర్ల టాటా, లేలాండ్ లాంటి మామూలు లారీల గురించి. ఆరు టైర్ల బండికీ ఇదే వరస.

కావలసినవి ఇవి: పది మీటర్ల స్టీలు టేపు, తాపీ మేస్త్రి వాడే తూకం గుండు, పురికొస, సుద్దముక్క, నీళ్ల లెవల్ ట్యూబు, వైరు బ్రష్షు, అర లీటరు డీజిల్, సుద్దపొడి. గుడ్డ టేపు, ప్లాస్టిక్ టేపు వద్దు. అవి సాగుతాయి, మనకు కావలసింది మిల్లీమీటర్ల లెక్క.

బండిని షెడ్డుకు చేర్చాక, కొలతలు అయ్యేదాకా అడ్వాన్సు ఇవ్వకండి, టింకరింగ్ మొదలుపెట్టనివ్వకండి. క్యాబిన్ లాగడానికి గొలుసులు వేస్తే ఛాసిస్ అసలు వంపు మారిపోతుంది. ఆ తర్వాత కొలిచినా ఉపయోగం ఉండదు. ఇన్సూరెన్స్ ఉంటే సర్వేయర్ (నష్టం అంచనా వేసేవాడు) చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పకూడదు. ఫొటోలు నాలుగు వైపుల నుంచీ, కింది నుంచీ తీసి పెట్టుకోండి.

బండి బోల్తా పడి ఉంటే ఇంజను స్టార్ట్ చేయవద్దు. పక్కకు పడ్డప్పుడు ఆయిలు సిలిండర్లలోకి చేరుతుంది. అది నలగదు కాబట్టి సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఇంజెక్టర్లు విప్పి, ఇంజనును చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి, ఆయిలు బయటకు వచ్చాకే మిగతా పని.

ఇప్పుడు అసలు పని: ఛాసిస్ కొలవడం

బండి ఖాళీగా ఉండాలి. గట్టి సిమెంటు గచ్చు మీద ఉండాలి, మట్టి నేల పనికిరాదు. రెండు లాంగ్ మెంబర్ల (ఛాసిస్‌లో ముందు నుంచి వెనక్కి పోయే రెండు పొడవాటి దూలాలు) మీదా ఎదురెదురుగా ఒకే చోట ఉండే గుర్తులు ఎంచుకోండి. ముందు కమాను (ఆకు స్ప్రింగుల కట్ట) ముందరి బ్రాకెట్టు, దాని వెనక బ్రాకెట్టు, గేరుబాక్సు దగ్గరి క్రాస్ మెంబర్ (రెండు దూలాలనూ కలిపే అడ్డ దూలం) రివెట్టు, వెనక కమాను బ్రాకెట్టు, చివరి క్రాస్ మెంబర్. ఎడమ పక్క ఏ రివెట్టు తీసుకుంటే కుడి పక్కా అదే రివెట్టు తీసుకోవాలి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. పాత బండికి మధ్యలో ఎవరో బ్రాకెట్టు మార్చి ఉంటారు, అది పదిహేను మిల్లీమీటర్లు వెనక్కి ఉంటుంది. దాన్ని నమ్మి కొలిస్తే మంచి ఛాసిస్ కూడా వంకరగా కనిపిస్తుంది. కంపెనీ రివెట్టు ఉన్న గుర్తులనే నమ్మండి. బోల్టు వేసిన చోటు వదిలేయండి.

ప్రతి గుర్తు నుంచీ తూకం గుండు వదిలి, గుండు ఊగడం పూర్తిగా ఆగాక నేల మీద సుద్దతో చిన్న ప్లస్ గుర్తు పెట్టండి. చుక్క పెడితే చెరిగిపోతుంది. ఐదు జతలు, మొత్తం పది గుర్తులు. ఫ్యాన్ ఆపండి, గాలి ఉంటే తగ్గాకే గుర్తు పెట్టండి. తర్వాత బండిని ముందుకు నెట్టేస్తే నేల మీద ఛాసిస్ బొమ్మ మిగులుతుంది.

ముందు జత ఎడమ గుర్తు నుంచి రెండో జత కుడి గుర్తుకు కొలవండి. తర్వాత కుడి నుంచి ఎడమకు. ఇలా ఒక్కో గడికీ, అంటే రెండు జతల మధ్య భాగానికి, రెండు మూలకొలతలు (ఒక మూల నుంచి ఎదుటి మూలకు) వస్తాయి. మొత్తం పొడవుకూ ఒకసారి మూలకొలతలు తీయాలి. కానీ దాంతోనే సరిపెట్టకండి. ముందు గడి ఎడమకు, వెనక గడి కుడికి జరిగి ఉంటే మొత్తం కొలతలో ఆ రెండూ ఒకదాన్నొకటి కప్పేస్తాయి.

రెండు మూలకొలతల తేడా ఆరు మిల్లీమీటర్ల లోపు ఉంటే వదిలేయండి, పాత బండికి అది మామూలే. ఆరు నుంచి పదిహేను దాకా ఉంటే, రేకు మడత పడకుండా ఉంటే, చల్లగానే ప్రెస్సుతో లాగి సరి చేయవచ్చు. పదిహేను దాటితే లాంగ్ మెంబర్ మార్చాలి. పదేళ్ల బండికి లాంగ్ మెంబర్ మార్చడం అంటే బండి మొత్తం విప్పి మళ్లీ కట్టడమే. నిర్ణయం అక్కడే అయిపోతుంది, వదిలేయండి.

ఇంకొకటి చూడాలి. ప్రతి జత మధ్యబిందువునూ గుర్తు పెట్టి, ముందు నుంచి చివరిదాకా పురికొస బిగించి లాగండి. మధ్యబిందువులన్నీ కొస కిందే ఉండి, మూలకొలతలు మాత్రం తేడా వస్తే, ఒక లాంగ్ మెంబర్ వెనక్కి తోసుకుపోయింది. నులక మంచం కోళ్లు ఒరిగినట్టు. మధ్యబిందువులే కొస దాటి పక్కకు పోతే ఛాసిస్ పక్కకు వంగింది. మొదటిది ఒక మూల గుద్దుకున్నప్పుడు వస్తుంది. దాన్ని లాగడం తేలిక. రెండోది పక్క నుంచి దెబ్బ తగిలినప్పుడు వస్తుంది. దాన్ని లాగినా లోడు వేశాక మళ్లీ జరగవచ్చు.

మెలిక చూడటానికి నీళ్ల లెవల్ ట్యూబు. ముందు రెండు మూలల ఎత్తు, వెనక రెండు మూలల ఎత్తు చూడండి. ముందూ వెనకా రెండు చోట్లా ఎడమ పక్కే ఇరవై మిల్లీమీటర్లు దిగి ఉంటే కమాను కట్టలు కుంగాయి, ఛాసిస్‌కు ఏమీ కాలేదు. ముందు ఎడమ దిగి, వెనక కుడి దిగితే అది మెలిక. కమాను ఆకు విరిగి ఉంటే ముందు అది మార్చి, టైర్ల గాలి సమానం చేశాకే ఈ కొలత తీయాలి.

కొలతలు బాగున్నా పగుళ్లు చూడాలి. కమాను బ్రాకెట్ల చుట్టూ, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట, రివెట్ల చుట్టూ వైరు బ్రష్షుతో తుప్పు తీసి, డీజిల్ పూసి, పది నిమిషాలు ఆగి పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన డీజిల్ పొడిలోకి ఎక్కి సన్నటి నల్లగీత కనిపిస్తుంది. పగులు లోపల తుప్పు పట్టి ఉంటే అది పాత దెబ్బ, లోహం మెరుస్తుంటే ఈ గుద్దుడుదే. సర్వేయర్‌తో మాట్లాడేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

షెడ్డులో గ్యాసు మంట పెట్టి ఛాసిస్ వంచుతామంటే ఒప్పుకోకండి. ఎర్రగా కాగిన చోట ఉక్కు బలం పోతుంది. కొన్ని నెలల లోడు తర్వాత సరిగ్గా ఆ పక్కనే పగులుతుంది. లాంగ్ మెంబర్ పై రెక్కకూ కింది రెక్కకూ రంధ్రం వేయనివ్వకండి, అడ్డంగా వెల్డింగ్ కొట్టనివ్వకండి. బరువు ఎక్కువగా మోసేవి ఆ రెక్కలే.

వీల్ అలైన్‌మెంట్ మెషిన్ మీద పెట్టి చూస్తే చాలదా అంటారు చాలామంది. చాలదు. అది చక్రాల కోణాలు చెబుతుంది. ఛాసిస్ వంకరగా ఉన్నా టై రాడ్డు తిప్పి చక్రాలను సరిగా చూపించవచ్చు. బండి మాత్రం రోడ్డు మీద ఏటవాలుగా పోతుంది, వెనక టైర్లు ముందు టైర్ల జాడలో నడవవు. టైర్లు తింటుంది, డీజిల్ తాగుతుంది. పురికొసను అలా మోసం చేయలేరు.

మిగతావి త్వరగా చూడవచ్చు. ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ ఆర్మ్, డ్రాగ్ లింక్, టై రాడ్డు వంగితే కొత్తవే వేయాలి, తిన్నగా కొట్టి వేయకూడదు. ముందు యాక్సిల్ ఐ బీము కొద్దిగా వంగితే చల్లగా సరి చేస్తారు. కాల్చడం, వెల్డింగ్ పనికిరావు. స్టీరింగ్ బాక్సు షాఫ్ట్ పళ్లు మెలి తిరిగాయేమో విప్పి చూడండి. రేడియేటరు, ఫ్యాను, ఫ్లైవీల్ హౌసింగ్ పగులు కూడా. క్యాబిన్‌కు అదే మోడల్ పాత క్యాబిన్ విజయవాడ ఆటోనగర్‌లో వెతికి వేయండి. నలిగినదాన్ని ముక్కలు అతికి కట్టిన క్యాబిన్ కన్నా అదే మేలు.

ఇప్పుడు డబ్బు లెక్క. గుద్దుకోక ముందు బండి ధర లోంచి, ఇప్పుడు ఉన్నదున్నట్టు అమ్మితే వచ్చే ధర తీసేస్తే, బాగు చేయించడానికి పెట్టదగిన గరిష్ఠం అదే. ఉదాహరణకు ముందు ధర 8 లక్షలు, ఇప్పుడు టైర్లతో సహా 2.5 లక్షలు అనుకుందాం. గరిష్ఠం 5.5 లక్షలు. షెడ్డు 3.6 లక్షలు చెప్పింది. పాత బండికి విప్పాక బయటపడేవాటికి పావు వంతు కలపాలి, 90 వేలు. 4.5 అయింది. వేరే బండి కొనడానికి పట్టే రోజులకన్నా షెడ్డులో 30 రోజులు ఎక్కువ ఆగితే, రోజుకు మిగులు 1,500 చొప్పున 45 వేలు. గుద్దుకున్న బండి అని తర్వాత అమ్మేటప్పుడు 60 వేలు తగ్గిస్తారు. మొత్తం 5.55 లక్షలు. 3.6 లక్షల పని అనుకున్నది గరిష్ఠం దాటేసింది. కిస్తీని ఈ లెక్కలో కలపకండి, రెండు దారుల్లోనూ అది కట్టాల్సిందే.

ఇన్సూరెన్స్ వచ్చే మొత్తాన్ని ఖర్చులోంచి తీసేయండి, కానీ ఎంత వస్తుందో ముందే తెలుసుకోండి. మామూలు పాలసీలో పదేళ్లు దాటిన బండికి ఇనుప భాగాల మీద 50 శాతం తరుగు కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ మీద ఏ వయసు బండికైనా 50 శాతమే. ఐఎంటీ 23 అనే అదనపు కవరు తీసుకోకపోతే బంపర్లు, మడ్‌గార్డులు, దీపాల లాంటివాటికి విడిగా డబ్బు రాదు. బాగు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువ) 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే బండి మొత్తం పోయినట్టు, తీసుకుంటారు. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ మీరూ కంపెనీ ఒప్పుకున్న అంకె. ప్రీమియం తగ్గుతుందని దాన్ని తక్కువ రాయించుకున్నవాళ్లు ఇప్పుడు నష్టపోతారు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న బండికి సొంత నష్టం కింద ఏమీ రాదు.

వదిలేయాలని తేలితే, తుక్కు వ్యాపారికి ఆర్‌సీ ఇచ్చేసి డబ్బు తీసుకుని రాకండి. ఆ ఆర్‌సీని, ఛాసిస్ నంబరు ఉన్న ముక్కను దొంగ బండికి తగిలిస్తే కేసు మీ పేరు మీదికి వస్తుంది. కొన్నవాడి పేరు మీదికి బదిలీ చేయించండి. బండి ఇక నడవదని తేలితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 ప్రకారం 14 రోజుల్లో ఆర్‌టీఓకు తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. ఫైనాన్స్ ఉంటే ముందు అప్పు ఇచ్చినవాళ్ల నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకోవాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. కొత్త లారీ కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపుకు అది పనికొస్తుంది, కాబట్టి కొత్త బండి బుక్ చేసే ముందే ఆ కాగితం చేతికి తెచ్చుకోండి.