దిగడం వచ్చాకే తలకిందులవ్వండి: ఇంట్లో పోల్ సాధనకి జాగ్రత్తలు

2020 ఫిబ్రవరిలో అమెరికాలోని డల్లాస్‌లో పోల్ డాన్స్ (నిలువుగా నిలబెట్టిన లోహపు గొట్టం పట్టుకుని చేసే నాట్యం) చేస్తున్న ఒక నర్తకి రెండంతస్తుల ఎత్తున్న పోల్ మీంచి పడి దవడ విరగ్గొట్టుకుంది. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. చూసినవాళ్ళంతా ‘అమ్మో, అంత ఎత్తా’ అన్నారు. ఇళ్ళల్లో దెబ్బలు తగిలేది అంత ఎత్తు నుంచి కాదు. తొమ్మిదడుగుల పోల్ మీద, తల నేలకి మూడడుగుల ఎత్తులో ఉండగా తగులుతాయి. శరీరం బరువంతా మీద పడుతూ తల నేరుగా నేలకి కొట్టుకుంటే మెడకి ఆ మూడడుగులు చాలు. ఇప్పుడు రీల్స్‌లో ఇంకో రకం కూడా కనిపిస్తోంది: పోల్‌తో పాటు ఫాల్స్ సీలింగ్ ముక్క కూడా ఊడి నెత్తిన పడటం.

వానలు మొదలయ్యాక క్లాసుకి వెళ్ళే ఓపిక తగ్గుతుంది. ఆన్‌లైన్‌లో పోల్ తెప్పిస్తారు, శనివారం బిగిస్తారు, ఆదివారం వీడియో చూసి తలకిందులవుతారు. అలాంటివాళ్ళ కోసమే ఇది. వార్మప్ చేయండి, నీళ్ళు తాగండి లాంటివి ఇక్కడ లేవు. అవి ఎవరైనా చెప్తారు.

అందరూ చేసే ఒకే తప్పు

తలకిందులయ్యే దారి ఏ వీడియోలో అయినా దొరుకుతుంది. దిగే దారి మాత్రం దొరకదు, రీల్ అక్కడికి కట్ అయిపోతుంది కాబట్టి. దిగడం నేర్చుకోకుండా ఎక్కేయడం: ఎక్కువమందిని మంచాన పడేసేది ఈ ఒక్క తప్పే.

ఒక కాలితో తలకిందులుగా వేలాడే ఔట్‌సైడ్ లెగ్ హ్యాంగ్ అనే భంగిమనే తీసుకోండి. పోల్‌కి దూరంగా ఉన్న కాలిని మోకాలి దగ్గర మడిచి కొక్కెంలా తగిలిస్తారు. దగ్గరి వైపు నడుము పోల్‌కి ఒత్తుకుని ఉంటుంది. రెండో కాలు బారుగా చాపుతారు. చేతులు వదిలేస్తే బరువంతా రెండే చోట్ల ఆగుతుంది: మోకాలి వెనక మడత, నడుము పక్క. ఫొటో బాగా వస్తుంది. పది పదిహేను సెకన్లకి మోకాలి మడతలో చెమట పడుతుంది, మంట మొదలవుతుంది. ఆ మంటకి మీకు తెలియకుండానే తుంటి పోల్ నుంచి పక్కకి తిరుగుతుంది. దాంతో నడుము ఆసరా పోయి ఒక్క మోకాలే మిగులుతుంది. అప్పుడు గుర్తొస్తుంది దిగాలని. తలకిందులుగా కుడేదో ఎడమేదో తెలీదు, పోల్ ఎక్కడుందో కనపడదు, అరచెయ్యి తడి. కంగారులో మడిచిన కాలు వదిలేస్తారు. ముందు దిగేది తల.

దిగే వరస ఇది. మొదట రెండు చేతులూ పోల్ మీదికి రావాలి. పోల్‌ని కళ్ళతో వెతక్కండి. నడుముకి ఆనుకున్న పోలే ఆ వైపు చంక పక్కనుంచి కిందికి పోతుంది, అక్కడ తడిమితే దొరుకుతుంది. రెండు చేతులూ బిగిశాయని తెలిశాక చాపిన కాలిని పోల్ దగ్గరికి తీసుకురండి. తర్వాతే మడిచిన కాలు విప్పాలి. కాళ్ళు రెండూ వెడల్పుగా ‘వి’ ఆకారంలోకి వచ్చాక మోకాళ్ళు ఛాతీ వైపు ముడుచుకుని, తుంటిని నెమ్మదిగా దించుతూ పాదాలు నేలకి ఆనించండి. చేతులు పడకుండా కాలు కదపకూడదు. చేతులు, తర్వాతే కాలు.

దీన్ని నేర్చుకోవాల్సింది పైన కాదు, కింద. చెయ్యి చాపితే అరచెయ్యి కింద పరిచిన మ్యాట్‌కి ఆనేంత ఎత్తులో మొదలుపెట్టండి. మొదటిరోజు చేతులు అసలు వదలొద్దు. కాలు తగిలించడం, మూడు లెక్కపెట్టడం, దిగడం, అంతే. వరసగా పదిసార్లు తడబడకుండా దిగగలిగాక ఒక చెయ్యి వదలండి. రెండో చెయ్యి ఇంకో రోజు. రెండో వైపు కూడా మళ్ళీ మొదటి నుంచే నేర్చుకోవాలి, కుడివైపు వచ్చింది కదా అని ఎడమవైపు రాదు. సత్తువ సగం మిగిలి ఉండగానే దిగండి. ముంజేతులు వణకడం మొదలయ్యేదాకా ఆగితే, దిగడానికి కావలసిన పట్టుని పైనే ఖర్చు పెట్టేసినట్టు.

అసలు తలకిందులయ్యే అర్హత వచ్చిందో లేదో నేల మీదే తేల్చుకోవచ్చు. నిలబడి పోల్ పట్టుకుని, భుజాలు చెవుల వైపు లేవకుండా కిందికి లాగి ఉంచి, రెండు మోకాళ్ళూ ఛాతీకి ముడిచి ఐదు సెకన్లు ఆపండి. నాలుగు లెక్కపెడుతూ దించండి. ఇలా రెండు వైపులా మూడేసిసార్లు. అది రానివాళ్ళు నేలని తన్ని, ఆ ఊపుతో తలకిందులవుతారు. ఊపు ఎక్కిస్తుంది కానీ దించదు. దిగేటప్పుడు ఆపాల్సింది కండే, ఆ కండ లేకనే కదా ఊపు వాడింది.

బిగించే ముందు పైకి చూడండి

ఇళ్ళల్లో వాడేవి చాలావరకు మేకులూ బోల్టులూ లేకుండా, నేలకీ స్లాబుకీ మధ్య ఒత్తిడితో నిలబడే పోల్స్. ఆ ఒత్తిడి గట్టిదానికి తగలాలి. మన కాంక్రీట్ స్లాబు అందుకు బాగా పనికొస్తుంది. దాని కింద వేలాడే జిప్సం బోర్డు, పీఓపీ ఏమాత్రం పనికిరావు. చీపురు కర్రతో తట్టి చూడండి, డొల్లగా మోగితే అక్కడ వద్దు. బోర్డుకి రంధ్రం కోయించి అసలు స్లాబుకి ఆనించాలి, లేదా ఫాల్స్ సీలింగ్ లేని గది చూసుకోవాలి. పెచ్చులూడుతున్న పాత స్లాబైతే ఆ ఇంట్లో పోల్ ఆలోచనే మానుకోండి. అమెరికాలో ఉన్నవాళ్ళకి వేరే లెక్క: అక్కడ పైకప్పు అట్టలాంటి డ్రైవాల్, దాని వెనక 16 లేదా 24 అంగుళాలకి ఒకటి చొప్పున చెక్క దూలాలుంటాయి. స్టడ్ ఫైండర్ (వెనకున్న చెక్కని పసిగట్టే పరికరం)తో దూలం పట్టుకుని సరిగ్గా దాని కిందే బిగించాలి.

ఎక్స్‌పోల్ లాంటి పేరున్న కంపెనీ మామూలు సెట్టు దాదాపు 2235 నుంచి 2745 మిల్లీమీటర్ల ఎత్తుకి సరిపోతుంది, అంటే తొమ్మిదడుగుల దాకా. స్లాబు పదడుగులుంటే అదే కంపెనీ ఎక్స్‌టెన్షన్ ముక్క కొనాలి. అడుగున చెక్కముక్క పెట్టి ఎత్తు సర్దారో, పోల్ పక్కకి జారే రోజు దగ్గర్లోనే ఉంటుంది. ఎత్తు సర్దే మరను దాని హద్దు దాటి బయటికి తిప్పడం కూడా అలాంటిదే.

మన ఇళ్ళల్లో గది నడిమధ్యన ఫ్యాన్ ఉంటుంది. మామూలు ఫ్యాన్ రెక్కలు తిరిగే వ్యాసం 1200 మిల్లీమీటర్లు, అంటే కడ్డీ నుంచి రెండడుగుల దాకా రెక్క వస్తుంది. పోల్ చుట్టూ ఐదడుగులు ఖాళీ కావాలి. ఈ రెండూ కలిపితే పది బై పదకొండు బెడ్‌రూమ్‌లో కుదరదు. ఫ్యాన్ ఆపేస్తే చాలదా అంటే చాలదు: ఆగిన రెక్కకి మడమ తగిలినా పట్టు చెదురుతుంది. విప్పించేయండి, లేదా హాల్లో పెట్టుకోండి.

కింద టైల్‌ని నాణెంతో తట్టండి. బోలుగా మోగిన టైల్ బరువుకి పగులుతుంది. పోల్ నిటారుగా ఉందో లేదో స్పిరిట్ లెవెల్ (మేస్త్రీలు వాడే బుడగ గొట్టం) ఒకవైపు పెట్టి చూసి, తొంభై డిగ్రీలు తిరిగి మళ్ళీ చూడండి. బిగించాక నాలుగు వైపుల నుంచీ చేత్తో తోయండి, తర్వాత సగం బరువు వేయండి, తర్వాతే అడుగెత్తు ఎక్కండి. మర్నాడు మళ్ళీ బిగించాలి, మొదటిరోజు బరువుకి కొంత సర్దుకుంటుంది. ఆ తర్వాత ప్రతిసారీ ఎక్కేముందు ఇదే పరీక్ష.

చాలా సెట్లలో కదలని పోల్, తిరిగే పోల్ రెండూ ఒకటే గొట్టంలో ఉంటాయి, అలెన్ కీ (ఆరు పలకల చిన్న కీ)తో మరలు బిగిస్తే కదలదు, వదులు చేస్తే తిరుగుతుంది. ఆ మర సగం బిగించి వదిలేస్తే మీరు తలకిందులుగా ఉండగా పోల్ ఒక్కసారిగా తిరుగుతుంది. దిగే వరస ఎంత బాగా వచ్చినా ఆ క్షణంలో చేతులు అందవు. ‘నిన్న బిగించాను కదా’ అనుకోవద్దు.

కొనేటప్పుడు 45 మిల్లీమీటర్ల వ్యాసం చూసుకోండి. పోటీల్లోనూ క్లాసుల్లోనూ అదే ఎక్కువ. ఎంత బరువు ఆపుతుందో రాయని ‘పార్టీ పోల్’ అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు. గిల్టు నగలు పెట్టుకుంటే దురద వచ్చేవాళ్ళకి క్రోమ్ పూతలోని నికెల్ పడకపోవచ్చు, స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ పౌడర్ కోటింగ్ గానీ నయం. చెమట ఎక్కువ పట్టే ఊళ్ళల్లో ఇత్తడి పట్టు బాగుంటుంది.

తేమ, నూనె

విశాఖ, కాకినాడ, చెన్నై గాలిలో అరచెయ్యి ఆరదు. అందుకని ఏసీ 18లో పెట్టుకుంటారు. చల్లబడిన లోహం కూడా జారుతుంది. పైగా మధ్యలో తలుపు తీస్తే బయటి తేమగాలి ఆ చల్లటి పోల్ మీద సన్నటి నీటి పొరగా దిగుతుంది. కంటికి కనపడదు, అరచేతికి తెలుస్తుంది. ఏసీ 26లో, అరగంట ముందే, తలుపులు మూసి వేసుకోండి. ఎక్కేముందు పోల్‌ని పొడిగుడ్డతో తుడిచి, తర్వాత మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. అది త్వరగా అంటుకునే ద్రవం, కాబట్టి దేవుడి దీపం వెలుగుతున్న గదిలో వద్దు.

మల్లఖంబ్ చూసినవాళ్ళకి ఒక అపోహ ఉంటుంది. ఆ చెక్క స్తంభానికి ఆముదం రాస్తారు, నిజమే. అది వేరే విద్య, చెక్కకి సరిపడే పద్ధతి. ఇక్కడ లోహానికి చర్మమే పట్టు, నూనె చుక్క పడితే ఆ పట్టు పోతుంది. ఆదివారం తలంటుకుని సాయంత్రం పోల్ ఎక్కొద్దు. ముందురోజు నుంచే కాళ్ళకీ చేతులకీ క్రీములు, కొబ్బరినూనె ఆపేయండి.

లెగ్గింగ్స్‌తో జారతారు. షార్ట్స్ తప్పదు, ఎవరేమనుకుంటారో అనిపిస్తే గది తలుపు వేసుకోండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో:

- ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు, మొలతాడు తీసేయండి. మెట్టె పోల్‌కి గీత పెడుతుంది, ఆ గీత మర్నాడు మీ తొడ చర్మం కోస్తుంది.
- మెడలో గొలుసు, నల్లపూసలు, సూత్రాలు, ఏవైనా సరే. తలకిందులైతే మొహం మీదికొస్తాయి.
- జుట్టు ముడి వేసుకోండి. క్లచ్చర్ వద్దు, పడితే తల వెనక గుచ్చుకుంటుంది.
- మ్యాట్ నాలుగంగుళాల మందం ఉండాలి, పోల్ చుట్టూ అమరాలి. పరుపు దానికి సాటి రాదు, దిగిన పాదం అందులో దిగబడి చీలమండ మెలిపడుతుంది.
- మ్యాట్ ఉంది కదా అని కొత్తది ప్రయత్నించొద్దు. మెడని మ్యాట్ కాపాడదు.
- ఒక్కరే ఉన్నప్పుడు తలకిందులు వద్దు.
- సాయంగా నిలబడేవాళ్ళు కింద కాదు, పక్కన, వీపు వైపు ఉండాలి. ఒక చెయ్యి భుజాల దగ్గర, ఒకటి తుంటి దగ్గర. కాళ్ళు పట్టుకోవద్దు.
- వాళ్ళకీ దిగే వరస తెలిసుండాలి.
- కొత్త భంగిమ మొదటి ఇరవై నిమిషాల్లోనే. చివర్లో ‘ఒక్కసారి’ అని వద్దు.
- తిరిగే పోల్ మీద కళ్ళు తిరిగితే వదిలేసి దూకొద్దు. కాళ్ళు బయటికి చాపండి, వేగం తగ్గుతుంది. తగ్గాక దిగండి.
- ట్విస్టెడ్ గ్రిప్ (పై చేతిని మెలితిప్పి పోల్ పట్టుకోవడం) మొదటి ఏడాది ముట్టుకోవద్దు.
- వారానికి రెండు మూడుసార్లు చాలు.
- తొడల మీద కమిలితే కంగారు లేదు. వేళ్ళు తిమ్మిరెక్కినా, మోచేతి లోపలి వైపు పోటు వచ్చినా ఆరోజుకి ఆపేయండి.
- భోజనం చేసి రెండు గంటలు.
- బీపీ, గ్లకోమా, రెటీనా సమస్య, గర్భం: డాక్టర్ని అడక్కుండా తలకిందులు కావొద్దు.
- పోల్ మీద బట్టలు ఆరేయొద్దు.
- పిల్లలున్న ఇంట్లో గది తాళం వేయండి.
- ఫోన్ స్టాండ్, టీపాయ్, నీళ్ళ బాటిల్ ఐదడుగుల అవతల.
- దిగడం రాని భంగిమ వీడియోలో ఎంత బాగున్నా చేయొద్దు. రెండో వైపు దిగడం రాకపోతే రెండో వైపు చేయొద్దు. ఆరోజు చెయ్యి తడిగా ఉంటే వచ్చిందీ చేయొద్దు.
- ఎవరైనా తల మీద, మెడ మీద పడితే లేపి కూర్చోబెట్టొద్దు. తల అటూ ఇటూ తిప్పొద్దు, తల కింద దిండు పెట్టొద్దు, నీళ్ళు తాగించొద్దు. పడినవాళ్ళు ‘నాకేం కాలేదు’ అన్నా వినొద్దు. తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, ఇంకొకరితో 108కి ఫోన్ చేయించండి.