మెడికల్ మైకాలజీ చదవడం ఎలా? పేర్లు తర్వాత, ముందు స్లైడు

మైక్రోబయాలజీ పుస్తకం తెరిస్తే బాక్టీరియాదే సింహభాగం. తర్వాత వైరస్‌లు, పరాన్నజీవులు. ఫంగస్‌కి దక్కేది ఓ మూల. క్లాసులదీ అదే లెక్క. అందుకే చాలామంది విద్యార్థులు మెడికల్ మైకాలజీని, అంటే మనుషులకొచ్చే ఫంగస్ జబ్బుల శాస్త్రాన్ని, పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టి గట్టెక్కేస్తారు. ట్రైకోఫైటాన్, ఎపిడెర్మోఫైటాన్, మైక్రోస్పోరం అని ఫంగస్ పేర్లు జపం చేస్తే మార్కులు వస్తాయి గానీ, వార్డు నుంచి వచ్చిన శాంపిల్ ఎదురుగా పెడితే చేయి ఆడదు. ఇది కంటితో, చేత్తో నేర్చుకోవాల్సిన సబ్జెక్టు. పని చేస్తూ పోతే పేర్లు వాటంతట అవే వస్తాయి. ఆ వరసలోనే చెబుతాను.

1. మీ దారి ఏదో చూసుకోండి

మన దగ్గర మైకాలజీకి విడిగా డిగ్రీ కోసం వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. ఎంబీబీఎస్ వాళ్లకి రెండో ఏడాది మైక్రోబయాలజీలో ఇది భాగం. తర్వాత నీట్ పీజీ రాసి మూడేళ్ల ఎండీ మైక్రోబయాలజీలో చేరితే లోతుగా దొరుకుతుంది. బీఎస్సీ వాళ్లకి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఉంది, కొన్ని మెడికల్ కాలేజీల్లో ఎమ్మెస్సీ మెడికల్ మైక్రోబయాలజీ ఉంది. సీటు వస్తే రెండోదే నయం, రోగుల శాంపిళ్లు చేతికొచ్చేది అక్కడే. స్పెషలైజేషన్ థీసిస్‌తో, ఆపైన పీహెచ్‌డీతో వస్తుంది. కాబట్టి కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకు ఒక్కటే చూడకండి, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఫంగస్ కల్చర్లు (శాంపిల్ నుంచి ఫంగస్‌ని పెంచడం) రోజూ పెడుతున్నారా అని సీనియర్లని అడగండి.

2. జబ్బుల్ని రోగి వైపు నుంచి చదవండి

పుస్తకాలు లోతును బట్టి విభజిస్తాయి: చర్మం పై పొర, గోళ్లు, జుట్టు, చర్మం కింది భాగం, లోపలి అవయవాలు. దాని పక్కనే మీ నోటుబుక్కులో ఇంకో కాలమ్ గీయండి. "ఈ మనిషికే ఎందుకొచ్చింది?" అని దానికి తలకట్టు పెట్టండి.

గాల్లోని ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాలు మనమంతా రోజూ పీలుస్తూనే ఉంటాం. మీకూ నాకూ ఏమీ కాదు. న్యూట్రోఫిల్స్ (సూక్ష్మజీవుల్ని చంపే తెల్ల రక్తకణాలు) పడిపోయిన లుకేమియా (రక్త క్యాన్సర్) రోగికి మాత్రం అవి ఊపిరితిత్తుల్లో పాతుకుపోతాయి. సీడీ4 అనే రక్షణ కణాలు బాగా తగ్గిన హెచ్‌ఐవీ రోగికి క్రిప్టోకోకస్ అనే ఫంగస్ వల్ల మెదడు పొరల వాపు. సెంట్రల్ లైన్‌తో (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం), వరస యాంటీబయాటిక్స్‌తో వారాల తరబడి ఐసీయూలో ఉన్నవాళ్లకి రక్తంలో కాండిడా అనే ఈస్ట్. కోతలప్పుడు కంటికి వరి ఆకో ఊకో గీసుకున్న రైతుకి కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) మీద ఫ్యుసేరియమ్ అనే బూజు.

2021లో కోవిడ్ రెండో వేవ్‌తోపాటు వచ్చిన మ్యూకర్‌మైకోసిస్‌ని (బ్లాక్ ఫంగస్) ఈ కోణంలో ఒక్కసారి పూర్తిగా చదవండి. అదుపులో లేని షుగరు, దాని మీద స్టెరాయిడ్లు. షుగరు ముదిరి రక్తం ఆమ్లంగా మారే కీటోయాసిడోసిస్‌లో రక్తంలోని ప్రొటీన్లు ఇనుమును గట్టిగా పట్టి ఉంచలేవు, అలా వదులైన ఇనుము ఈ జబ్బు తెచ్చే రైజోపస్ అనే ఫంగస్‌కి ఆహారమవుతుంది. ఫంగస్ రక్తనాళాల గోడల్లోకి చొచ్చుకుపోతుంది, లోపల రక్తం గడ్డకడుతుంది, సరఫరా ఆగిన కణజాలం చచ్చి నల్లబడుతుంది. ముక్కులో, అంగిట్లో కనిపించే నలుపు అదే. ఆ ఏడాది మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దీన్ని తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దీనికి ప్రధాన కేంద్రమైంది. ఈ ఒక్క జబ్బు చదివితే ఇమ్యునాలజీ, పాథాలజీ, ఫార్మకాలజీ మూడూ ఒకేచోట తగులుతాయి.

3. కేవోహెచ్ మౌంట్ చేతికి అలవాటయ్యేదాకా చేయండి

నన్నడిగితే మైకాలజీ సగం ఇక్కడే ఉంది. పరికరాలు దాదాపు ఏమీ అక్కర్లేదు: స్లైడు, కవర్‌స్లిప్, పొటాషియం హైడ్రాక్సైడ్ (కేవోహెచ్ అంటే ఇదే), మామూలు మైక్రోస్కోపు.

తామర మచ్చ తీసుకోండి. ముందు స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. మధ్యలో గీకితే లాభం లేదు, అక్కడ అప్పటికే మానుతూ ఉంటుంది. ఫంగస్ పాకుతూ పోయేది అంచున, ఎర్రగా కాస్త ఉబ్బిన చోట. మొద్దు బ్లేడుతో అక్కడి పొలుసులు గీకి నల్ల కాగితం మీద పట్టండి, తెల్లటి పొలుసులు స్పష్టంగా కనబడతాయి. స్లైడు మీద వేసి 10 శాతం కేవోహెచ్ ఒక చుక్క, దాని మీద కవర్‌స్లిప్. 10 నుంచి 20 నిమిషాలు ఆగండి. కెరాటిన్ కరిగి చర్మకణాలు పలచబడతాయి, ఫంగస్ గోడ మాత్రం చెక్కుచెదరదు. గోరైతే 20 నుంచి 40 శాతం ద్రావణం కావాలి, ఒక్కోసారి రాత్రంతా ఉంచాలి.

చూసేటప్పుడు కొత్తవాళ్లు చేసే పొరపాటు వెలుతురు ఎక్కువ పెట్టడం. కండెన్సర్ (స్లైడు కింద వెలుతురును కేంద్రీకరించే కటకం) దించండి, వెలుతురు తగ్గించండి, ముందు 10ఎక్స్‌లో వెతికి తర్వాత 40ఎక్స్‌కి వెళ్లండి. మీరు వెతికేది ఒకే వెడల్పుతో సాగే, కొమ్మలు వేసే, మధ్యమధ్య అడ్డుగోడలున్న తీగ. అది చర్మకణాల సరిహద్దుల్ని పట్టించుకోకుండా అడ్డంగా దాటిపోతుంది. కణాల అంచుల వెంబడే వలలా తిరుగుతూ ఉంటే అది ఫంగస్ కాదు. దూదిపోగులూ బాగా మోసం చేస్తాయి, కాకపోతే వాటి వెడల్పు ఒకేలా ఉండదు, కొమ్మలుండవు. నెగెటివ్ అని రాసేముందు కవర్‌స్లిప్ ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసి తీరాలి.

ఇదే చూపు బయాప్సీలో (పరీక్షకి కోసి తీసిన కణజాలం ముక్కలో) ప్రాణం నిలబెడుతుంది. వెడల్పాటి రిబ్బన్లలా, అడ్డుగోడలు దాదాపు లేకుండా, ఇంచుమించు లంబకోణంలో చీలితే మ్యూకర్ గుంపు (రైజోపస్ ఇందులోదే). సన్నగా, అడ్డుగోడలతో, 45 డిగ్రీల కోణంలో చీలితే ఆస్పర్‌జిల్లస్ అనుమానించాలి. కల్చర్ వచ్చేదాకా ఆగకుండా సర్జన్‌కి ఫోన్ చేయగలిగేది ఈ తేడా తెలిసినవాళ్లే. ఇంకొకటి: మ్యూకర్ అనుమానమున్న ముక్కని కల్చర్‌కి పెట్టేటప్పుడు నూరకూడదు, చిన్న ముక్కలుగా తరగాలి. నూరితే ఆ తీగలు చితికి కల్చర్ పెరగదు.

4. కల్చర్‌కి ఓపిక, జాగ్రత్త రెండూ కావాలి

పారిస్ చర్మవైద్యుడు రేమండ్ సబురో పేరు మీద వచ్చిన సబురో డెక్స్‌ట్రోజ్ అగార్ (ఫంగస్‌ని పెంచే జెల్లీ లాంటి ఆహారం) ఇప్పటికీ వాడుకలో ఉంది. బాక్టీరియాని ఆపడానికి క్లోరాంఫెనికాల్ కలుపుతారు, గాలి బూజుల్ని ఆపడానికి సైక్లోహెక్సిమైడ్. ఈ రెండోది మ్యూకర్‌నీ క్రిప్టోకోకస్‌నీ కూడా ఆపేస్తుంది. అందుకే అది కలపని ట్యూబ్ ఒకటి పక్కన ఉండాలి. ఒకటి 25 డిగ్రీల దగ్గర, ఒకటి 37 దగ్గర పెట్టి, నెగెటివ్ అనడానికి నాలుగు వారాలు చూస్తారు. కాండిడా ఆల్బికన్స్‌కి మాత్రం అంత నిరీక్షణ లేదు. సీరంలో 37 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలుంచితే జెర్మ్ ట్యూబ్ (కణం నుంచి మొలకలా సాగే గొట్టం) బయటికొస్తుంది.

జాగ్రత్త విషయంలో మొహమాటం వద్దు. బూజు ప్లేటు బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే తెరవాలి, వాసన చూడకూడదు. గంగా పరీవాహక ప్రాంతం నుంచి హిస్టోప్లాస్మా, మణిపూర్ వైపు నుంచి టలారోమైసెస్ మార్నెఫై లాంటి, పీలిస్తే జబ్బు చేసే ఫంగస్‌లు వచ్చే అవకాశముంది. వాటిని అనుమానిస్తే స్లైడ్ కల్చర్ (స్లైడు మీదే ఫంగస్‌ని పెంచడం) జోలికి పోవద్దు, గైడ్‌కి చెప్పండి. రోగి ఊరు, ప్రయాణాలు రిక్వెస్ట్ ఫారంలో రాయకపోతే వార్డుకి ఫోన్ చేసి కనుక్కోండి.

5. పేర్ల గొడవకి టెన్షన్ పడకండి

పాత పుస్తకంలో కాండిడా గ్లాబ్రాటా, కొత్త రిపోర్టులో నకాసియోమైసెస్ గ్లాబ్రాటస్. కాండిడా క్రుసెయి ఇప్పుడు పికియా కుడ్రియావ్‌జెవై. డీఎన్‌ఏ చూసి వంశవృక్షం సరిదిద్దుతున్నారు కాబట్టి ఇవి మారుతూనే ఉంటాయి. రెండు పేర్లూ రాసుకోండి, వైద్యానికి పనికొచ్చే సంగతి పక్కన పెట్టుకోండి: పేరేదైనా, క్రుసెయికి ఫ్లుకోనజోల్ పనిచేయదు.

చాప్టరులో ఉన్నవన్నీ ఫంగస్‌లు కావని కూడా గుర్తుంచుకోండి. చెరువు నీళ్లతో ముడిపడిన, దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఎక్కువగా కనిపించే, ముక్కులో కండలు పెంచే రైనోస్పోరిడియం అసలు ఫంగస్ కాదని తేలింది, అయినా పాఠం అక్కడే ఉంది. మదురైలో గుర్తించిన మదురా ఫుట్‌కి (పాదం వాచి చీము కారే జబ్బు) కొన్ని కేసుల్లో కారణం బాక్టీరియా, వాటికి యాంటీఫంగల్ ఇస్తే వృథా. ఊపిరితిత్తులకి సోకే న్యుమోసిస్టిస్ కథ ఇందుకు తిరగబడి నడిచింది, ప్రోటోజోవా (ఏకకణ పరాన్నజీవి) అనుకున్నది 1988లో ఫంగస్‌ల గుంపులోకి వచ్చింది. సందర్భం వచ్చింది కాబట్టి చెప్పుకుందాం: మన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీద సుబ్బరోమైసెస్ అనే ఫంగస్ ప్రజాతి ఉంది. మనుషులకి జబ్బు చేసేది కాదు లెండి.

6. మందుల్ని ఫంగస్ కణం బొమ్మ మీద చదవండి

ఒక కణం గీసి, గోడ, దాని కింద పొర గుర్తించండి. పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం. దానికి అతుక్కునేది ఆంఫోటెరిసిన్ బి, దాని తయారీని ఆపేవి అజోల్స్, ఇంకా ముందు మెట్టు దగ్గరే అడ్డుపడేది టెర్బినఫిన్. గోడలోని గ్లూకాన్ తయారీని ఆపేవి ఎకినోకాండిన్స్. మినహాయింపులు ఎర్ర సిరాతో రాయండి: మ్యూకర్‌కి వోరికోనజోల్ పనిచేయదు, క్రిప్టోకోకస్‌కి ఎకినోకాండిన్స్ పనిచేయవు. ఆంఫోటెరిసిన్ ఇస్తున్న రోగికి క్రియాటినిన్, పొటాషియం ఎందుకు రోజూ చూస్తున్నారో వార్డులో అడిగి తెలుసుకోండి.

7. ఒక ప్రశ్న పట్టుకుని ప్రాజెక్టు చేయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో తొలిసారి 19 ఫంగస్‌లతో ప్రాధాన్య జాబితా ఇచ్చింది. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవి నుంచి తీసి వర్ణించిన కాండిడా ఆరిస్ అందులో అత్యంత ప్రమాదకరమైన నాలుగింటిలో ఒకటి. దాని మీద పని చేయాలంటే పెద్ద ఐసీయూ, ప్రొటీన్లను బట్టి సూక్ష్మజీవిని గుర్తుపట్టే మాల్డీ-టాఫ్ లాంటి యంత్రం కావాలి. అందరికీ దొరకవు.

దానికంటే తామరని ఎంచుకోమంటాను. చిన్నచూపు చూస్తారు గానీ, మన దేశంలో ఇప్పుడు ఆసక్తికరమైన పని అక్కడే జరుగుతోంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే దురద తగ్గుతుంది, మచ్చ ఆకారం మారిపోతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు పెట్టిన తామర ఫంగస్ జాతిలో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ (టెర్బినఫిన్ అడ్డుకునే ఎంజైము) జీన్ మారిపోయి, టెర్బినఫిన్ చాలా కేసుల్లో పనిచేయడం లేదు. ఇది మన దగ్గర్నుంచి యూరప్, అమెరికాల దాకా వెళ్లింది. మీ ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వచ్చే రోగులే చాలు: ముందు ఏ క్రీములు వాడారు, కేవోహెచ్‌లో ఏముంది, కల్చర్‌లో ఏం పెరిగింది, టెర్బినఫిన్‌కి లొంగుతోందా. ఎమ్మెస్సీ థీసిస్‌కి ఇది సరిపోతుంది.

ఆపైన వెళ్లాలనుకుంటే చండీగఢ్‌లోని పెద్ద వైద్య సంస్థ పీజీఐలో మైకాలజీ విభాగం, జబ్బు చేసే ఫంగస్‌ల జాతీయ కల్చర్ సేకరణ ఉన్నాయి. కంటి ఫంగస్‌కి హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. బయటి దేశమైతే బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ మెడికల్ మైకాలజీ సెంటర్ చూడండి. వీటికి రాసేటప్పుడు మార్కుల జాబితా కంటే, మీరు స్వయంగా తీసిన పది మంచి స్లైడు ఫొటోలు ఎక్కువ మాట్లాడతాయి.

థీసిస్ శాంపిళ్లకి ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ముందే ఉండాలి. కమిటీ మీటింగ్ రోజూ జరగదు కాబట్టి టాపిక్ తేలిన వారంలోనే ఆ దరఖాస్తు పెట్టేయండి.