ర్యామ్ ఓవర్‌క్లాక్‌కు (నిర్ణీత వేగాన్ని మించి నడపడానికి) ముందు: చిప్ ఏదో తేల్చుకునేటప్పుడు జాగ్రత్తలు

☐ ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ర్యామ్ తప్పులు చేస్తే విండోస్ కూడా పాడవుతుంది.

☐ పెట్టె మీది బ్రాండ్ చూసి నమ్మొద్దు. ఒకే మోడల్ పేరుతో శాంసంగ్, మైక్రాన్, హైనిక్స్ చిప్‌లు ఏవైనా రావచ్చు. కోర్సేర్ డీడీఆర్4 అయితే స్టిక్కర్ మీది వెర్షన్ నంబర్ చూడండి: 3తో మొదలైతే మైక్రాన్, 4 శాంసంగ్, 5 హైనిక్స్. 4.31 కనిపిస్తే మీ పంట పండినట్టే, అది శాంసంగ్ బీ-డై, ఓవర్‌క్లాక్‌కు బాగా లొంగే చిప్ రకం.

☐ సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ చిప్ తయారీదారు పేరు వరకే చెబుతుంది. థైఫూన్ బర్నర్ అనే మరో సాఫ్ట్‌వేర్ చూపే డై రకం (చిప్ వెర్షన్) ఒక్కోసారి ఉత్త ఊహే. పైగా అందులో చదవడంతో ఆగండి, రైట్ జోలికి వద్దు. ఎస్‌పీడీ (స్టిక్ వివరాలు ఉండే చిన్న మెమరీ) చెడితే స్టిక్ బూట్ కాకపోవచ్చు.

☐ హీట్ స్ప్రెడర్ (చిప్‌ల మీది లోహపు రేకు) పీకొద్దు. జిగురుతో పాటు చిప్ కూడా ఊడిరావచ్చు, వారంటీ ఎలాగూ గోవిందా. స్ప్రెడర్ లేని స్టిక్ అయితే ప్లగ్ తీసేసి, కేబినెట్ ఇనుమును ఓసారి ముట్టుకుని, టార్చ్‌ను ఏటవాలుగా పట్టండి. మసకగా ఉన్న అక్షరాలు తేలతాయి. కే4ఏ8జీ085డబ్ల్యూబీ అని ఉంటే, ఆ చివరి బీయే డై రకం.

☐ వోల్టేజి ముట్టుకునేది ఇదంతా తేలాకే. బీ-డైకి పెంచితే టైమింగులు (ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యాలు) బిగించొచ్చు. శాంసంగ్‌దే సీ-డై 1.35 వోల్టులు దాటితే తరచూ మొండికేస్తుంది.